ఇరవైల్లో కీళ్లవాతం: భయం ఒక చోట, ప్రమాదం ఇంకో చోట

సంపాదకులకు నమస్కారం.

కీళ్ల జబ్బు గురించి పత్రికల్లో ఏం రాసినా, పక్కన వేసే బొమ్మ మోకాలు పట్టుకుని కూర్చున్న ఓ పెద్దాయనదే. అందుకే ఇరవై రెండేళ్ల అమ్మాయి పొద్దున లేచి పేస్టు మూత తిప్పలేకపోతున్నానంటే ఇంట్లో ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ఫోన్ ఎక్కువ చూస్తున్నావంటారు, విటమిన్ డి గోలీలు తెచ్చిస్తారు. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కి, అరుగుదలతో సంబంధం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే వాపు ఇది. ఇరవైల్లో, ముప్ఫైల్లో కూడా మొదలవుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. కీళ్లవాతం క్లినిక్‌లో మందులిచ్చి, వాడే తీరు చెప్పే ఫార్మసిస్టులం, నర్సులం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. చెప్పదలచుకున్నది ఒక్కటే: ‘గట్టి మందు’ అనగానే జనం భయపడాల్సిన చోట భయపడటం లేదు, అక్కర్లేని చోట వణికిపోతున్నారు.

ముందు ఆలస్యం సంగతి. ఈ జబ్బులో ఎముక అంచులు కొరుక్కుపోవడం చాలామందికి మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. ఎక్స్‌రేలో ఒకసారి పడిన గుంట మళ్లీ పూడటం అరుదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నొప్పినీ బిగుసుకుపోవడాన్నీ తగ్గిస్తాయే తప్ప ఎముక కొరుక్కుపోవడాన్ని ఆపలేవు. స్టెరాయిడ్ నాలుగు రోజుల్లో హాయినిస్తుంది. దాన్ని వాడాల్సింది జబ్బునే అదుపు చేసే అసలు మందు పని మొదలుపెట్టేదాకా కాలం గడపడానికే. తక్కువ మోతాదులో మొదలుపెట్టి, తగ్గించుకుంటూ వచ్చి, మూడు నెలల్లోపు ఆపేయాలన్నది లెక్క. మన ఊళ్లలో జరిగేది వేరు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, కొన్నాళ్లు ఎవరో చెప్పిన పొడి మందు. ఆ రెండింట్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. ముఖం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, కీళ్లు మాత్రం లోపల్లోపల పాడవుతూనే ఉంటాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని ఊరుకోవడమూ పొరపాటే. జబ్బున్న వాళ్లలో కొందరికి ఆ పరీక్ష నెగటివే వస్తుంది. చేతి వేళ్ల కణుపులు, మణికట్లు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోయి, ఇది ఆరు వారాలు దాటిందంటే రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం డాక్టరుకు, చూపించుకోవాలి. ఈ జబ్బును పట్టే యాంటీ సీసీపీ, వాపును కొలిచే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు కూడా చేస్తారు.

అక్కడ రాసే మొదటి అసలు మందు చాలామందికి మెథోట్రెక్సేట్. చీటీలోని పేరును ఫోన్‌లో వెతికితే ముందు కనిపించే మాట ‘క్యాన్సర్’. చాలా ఇళ్లలో వైద్యం అక్కడే ఆగిపోతుంది. నిజమే, అది క్యాన్సర్‌కూ వాడతారు. అక్కడ ఒక్కోసారి గ్రాముల లెక్కన నరంలోకి ఎక్కిస్తారు. కీళ్లవాతానికి వాడేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఈ మోతాదులో జుట్టంతా ఊడిపోవడం లాంటివి ఉండవు. కొందరికి కొద్దిగా పలచబడుతుంది, అంతే. అమెరికాలో దీన్ని కీళ్లవాతానికి 1988లోనే అనుమతించారు. ఇన్నేళ్లుగా ఇంతమంది వాడిన మందు కాబట్టి దీని మంచీ చెడూ రెండూ బాగా తెలుసు. ఇంకో సంగతి మన పాఠకులకు చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను అక్కడ కృత్రిమంగా తయారుచేశారు. దానికి అడ్డుపడే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చిందీ ఆ ప్రయోగశాల నుంచే. ఈ రోజు కీళ్లవాతం రోగి చీటీలో మెథోట్రెక్సేట్, దాని కింద ఫోలిక్ యాసిడ్ పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే చోటి సరుకు.

ఇక నిజంగా భయపడాల్సిన చోటు. ఈ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. దేశదేశాల్లో దీనివల్ల చావులు నమోదయ్యాయి. పొరపాటు ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూడండి. మందుల షాపులో స్ట్రిప్ మీద పెన్నుతో ‘0-0-1’ అని గీసిస్తారు. రాత్రి పూట వేసుకోమని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఆ గీత చూసిన ఎవరికైనా రోజూ రాత్రి ఒకటి అనే అర్థమవుతుంది, ఎందుకంటే మిగతా మందులన్నిటి మీదా దాని అర్థం అదే. రెండోది: మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ పసుపు పచ్చని చిన్న గోలీలుగా రావడం మామూలే. ఒకటి వారానికోసారి, ఇంకోటి అది వేసుకోని రోజుల్లో. అటుదిటు అయితే అంతే. మూడోది అన్నిటికన్నా చెడ్డది. 15 మిల్లీగ్రాముల మోతాదును ఒక నెల 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరుగా ఇస్తారు. మరుసటి నెల అవి దొరక్క 15 మిల్లీగ్రాముల మాత్రే ఇస్తారు. అలవాటు ప్రకారం ఆరు మింగితే ఒక్క రాత్రిలో 90 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లిపోతాయి.

అందుకే మేం చెప్పేది ఇది. డాక్టర్ చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అని, ఏ రోజో పేరుతో సహా, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్ని మాత్రలో విడివిడిగా రాయించుకోండి. షాపులో స్ట్రిప్ మీద సున్నాలు, ఒకట్లు గీయనివ్వకండి. ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో రాయమనండి. ఎప్పుడూ ఒకే బలం మాత్ర తీసుకోండి, బలం మారితే ఇంటికి రాకముందే షాపులో నిలబడి లెక్క సరిచూసుకోండి. ఇంట్లో రెండు నెలల మందు నిల్వ పెట్టుకోవద్దు. మింగిన రోజు క్యాలెండర్ మీద టిక్కు పెట్టడం చాదస్తంగా కనిపించొచ్చు, కానీ ‘మొన్న వేసుకున్నానా లేదా’ అన్న అనుమానం వచ్చినప్పుడు ఆ టిక్కే దిక్కు. ఒక వారం మర్చిపోతే రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, అది దాటితే ఆ వారానికి వదిలేసి మామూలు రోజునే వేసుకోవాలి. రెండు వారాలది కలిపి వేసుకోకూడదు.

పొరపాటున ఎక్కువ పడిందని తెలిస్తే నోట్లో పుండ్లు వచ్చేదాకా ఆగకండి. నోటి పుండ్లు, విరేచనాలు, జ్వరం, చర్మం మీద ఎర్ర చుక్కలు కనిపించేసరికే మూలగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతూ ఉంటాయి. స్ట్రిప్ చేతిలో పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లి, క్యాజువాలిటీలో ముందు మెథోట్రెక్సేట్ పేరు చెప్పాలి. దీనికి విరుగుడు ఉంది, దాని పేరు ల్యూకోవోరిన్, అంటే ఫోలినిక్ యాసిడ్. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు నాలుగు ఎక్కువ మింగితే ఆ పని జరగదు.

సరిగ్గా వేసుకున్నా కొందరికి వికారం వస్తుంది. రాత్రి భోజనం తర్వాత వేసుకుని పడుకుంటే చాలావరకు నిద్రలోనే గడిచిపోతుంది. మర్నాడు సెలవుంటే మేలని చాలామంది శనివారం ఎంచుకుంటారు. అయితే వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేవాళ్లు శనివారం ఖాళీ కడుపున ఈ మాత్ర మింగి, వాంతులయ్యాక మందు పడలేదంటారు. వాళ్లు మాత్ర వేసుకునే రోజు మార్చుకోవాలి. ఫోలిక్ యాసిడ్ సాధారణంగా 5 మిల్లీగ్రాములు, వారానికి ఒకటి రెండు సార్లు, మెథోట్రెక్సేట్ వేసుకోని రోజుల్లో ఇస్తారు. కడుపు తిప్పడం, నోటి పుండ్లు, లివర్ ఎంజైములు పెరగడం అన్నీ దీంతో తగ్గుతాయి. దాన్ని బలం గోలీ అనుకుని మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా తగ్గకపోతే మోతాదును ఒకే రోజు పొద్దున, సాయంత్రం రెండుగా విడగొట్టవచ్చు, లేదా చర్మం కింద ఇంజెక్షన్‌కి మారవచ్చు. 15 మిల్లీగ్రాములు దాటాక మాత్ర పేగుల్లోంచి ఒంటికి పూర్తిగా పట్టదు కాబట్టి, పెద్ద మోతాదుకు ఇంజెక్షనే మెరుగు. ఇన్సులిన్ వేసుకున్నట్టే ఇంట్లో వేసుకోవచ్చు.

ఓపిక కావాల్సింది ఇక్కడే. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో ‘ఏం పని చేయలేదు’ అని మానేసినవాళ్లు మందును పరీక్షించనట్టే లెక్క.

పరీక్షల విషయం. మొదలుపెట్టే ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి సీబీపీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము, క్రియాటినిన్ చూసుకుంటూ పోవాలి. చాలామందికి తెలియని చిన్న కిటుకు ఉంది: మాత్ర వేసుకున్న మర్నాడో, ఆ మర్నాడో రక్తం ఇస్తే ఎస్‌జీపీటీ ఉత్తినే పెరిగి కనిపించొచ్చు. తర్వాతి మోతాదుకు ఒకట్రెండు రోజుల ముందు ఇవ్వడం మంచిది. ఎస్‌జీపీటీ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటితే మందు ఆపి డాక్టర్ని కలవాలి. కొద్దిగా పెరిగితే మోతాదు తగ్గిస్తారు తప్ప మానేయక్కర్లేదు. మద్యం మానడమే మంచిది. వారాంతం పార్టీ అంటే శనివారం రాత్రే, మాత్ర కూడా శనివారం రాత్రే. రెండూ కలిసి పడేది ఒకే లివర్ మీద. కామెర్ల పసరు, కీళ్ల కషాయం లాంటివి పక్కన నడిపితే ఎస్‌జీపీటీ ఎందుకు పెరిగిందో ఎవరూ తేల్చలేరు.

మూత్రంలో మంటకో, విరేచనాలకో ఇచ్చే కోట్రైమాక్సజోల్, అంటే సెప్ట్రాన్, బాక్ట్రిమ్ పేర్లతో దొరికే మాత్ర, మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. షాపులో మందు కొనేటప్పుడు ‘నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను’ అన్న ముక్క చెప్పి తీరాలి. ఈ మందు బయటికి పోయేది కిడ్నీల గుండా. ఎండాకాలం వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయిన వారం మోతాదు వదిలేసి డాక్టర్ని అడగాలి. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం మొదలైతే మందు ఆపి వెంటనే చూపించుకోవాలి, అరుదే అయినా ఊపిరితిత్తులకు వాపు రావచ్చు.

మెథోట్రెక్సేట్ పూర్తి మోతాదులో మూడు నెలలు వాడినా తేడా లేకపోతే, ఆరు నెలలకు జబ్బు అదుపులోకి రాకపోతే వైద్యం మార్చాల్సిందే. వాచిన కీళ్లు, నొప్పి ఉన్న కీళ్లు లెక్కపెట్టి, ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ కలిపి డాస్-28 అనే స్కోరు వేస్తారు. 2.6 కన్నా తక్కువుంటే జబ్బు నిద్రపోయినట్టు. ప్రతిసారీ మీ స్కోరెంతో అడిగి రాసుకోండి. ‘ఫరవాలేదు, అదే వాడండి’ అన్న మాటకు కొలత లేదు.

తర్వాతి మెట్టు అనగానే ఖరీదైన ఇంజెక్షన్ అనుకోనక్కర్లేదు. మెథోట్రెక్సేట్‌కి సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి మూడు మందులుగా ఇస్తే, మెథోట్రెక్సేట్‌తో ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్ ఇచ్చినదానికి తీసిపోలేదని 2013లో అచ్చైన అమెరికా పరిశోధన చూపించింది. మూడూ పాత మందులు, చవక మందులు, మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మోతాదు ఒంటి బరువును బట్టి ఉండాలి, రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 50 కిలోల అమ్మాయికి రోజుకు 250. అందరికీ ఒకే కొలతగా 400 రాయడం ఇంకా చూస్తూనే ఉన్నాం. మొదటి ఏడాదిలో ఒకసారి కంటి రెటీనా పరీక్ష, ఐదేళ్ల తర్వాత ఏటా. సల్ఫాసలజైన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడొద్దు. సల్ఫా పడనివాళ్లు మాత్రం వాడకూడదు. మగవాళ్లలో అది వీర్యకణాల సంఖ్య తగ్గిస్తుంది, మానేశాక కొన్ని నెలలకు తిరిగి వస్తుంది. పెళ్లయిన కుర్రాడికి ఈ మాట ముందే చెప్పాలి.

దానికీ లొంగకపోతే బయాలజికల్ ఇంజెక్షన్లు (జీవకణాల్లో తయారుచేసే ప్రొటీన్ మందులు), లేదా జాక్ అనే ఎంజైమును అడ్డుకునే జాక్ మాత్రలు. అడాలిముమాబ్ 40 మిల్లీగ్రాములు రెండు వారాలకోసారి చర్మం కింద. ఎటనర్సెప్ట్ వారానికి 50. ఇన్‌ఫ్లిక్సిమాబ్ నరంలోకి, మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆపై ఎనిమిది వారాలకోసారి. రిటుక్సిమాబ్ 1000 మిల్లీగ్రాములు, రెండు వారాల తేడాతో రెండుసార్లు. వీటిలో రిటుక్సిమాబ్‌కి దేశీ రూపాన్ని హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది. అడాలిముమాబ్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన మందు, 2014లో మన దేశంలోనే వచ్చింది. ధర ఇంకా సామాన్యుడికి భారమే, అయినా ఒకప్పటి సంగతి లేదు.

మన దేశంలో ఈ మందులకు మొదటి శత్రువు టీబీ. ఎప్పుడో లోపలికి వచ్చి నిద్రపోతున్న టీబీ క్రిములను కట్టడి చేసి ఉంచేవాటిలో టీఎన్‌ఎఫ్ అనే పదార్థం ముఖ్యమైనది. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ దాన్నే అడ్డుకుంటాయి. కట్టడి పోతే క్రిములు లేస్తాయి, చాలాసార్లు ఊపిరితిత్తుల్లో కాకుండా గ్రంథుల్లో, పొట్టలో, వెన్నులో. దగ్గు ఉండదు కాబట్టి గుర్తించడం ఆలస్యమవుతుంది. ఎటనర్సెప్ట్‌తో ఈ ముప్పు కొంత తక్కువ, రిటుక్సిమాబ్‌తో ఇంకా తక్కువ. అందుకే ఇంజెక్షన్‌కి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీకి చేతి చర్మంలో సూది వేసి చూసే మాంటూ పరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష తప్పనిసరి. మాంటూ వేయించుకుని మళ్లీ వెళ్లనివాళ్లు ఎక్కువ. 48 నుంచి 72 గంటల లోపు చూపించకపోతే అది వేయించుకోనట్టే. కొలవాల్సింది ఎరుపును కాదు, గట్టిపడిన ఉబ్బును. ఈ రోగుల్లో 5 మిల్లీమీటర్లున్నా పాజిటివ్ కిందే లెక్క. చిన్నప్పటి బీసీజీ, అంటే టీబీ టీకా, వల్ల లేనిపోని పాజిటివ్ రావచ్చు. అప్పటికే స్టెరాయిడ్ నడుస్తుంటే ఉన్నదీ కనపడకపోవచ్చు. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు, పొడి మందుల సంగతి డాక్టర్ దగ్గర దాచకూడదని చెప్పేది ఇందుకు కూడా.

పాజిటివ్ వస్తే ఇంజెక్షన్ రద్దయినట్టు కాదు. టీబీ మందు ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు, లేదా ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి 12 మోతాదులు ఇస్తారు. కనీసం ఒక నెల వాడాక ఇంజెక్షన్ మొదలుపెట్టవచ్చు. ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్ రెండూ లివర్ మీద పనిచేసేవే కాబట్టి ఆ నెలల్లో ఎస్‌జీపీటీ ఇంకా దగ్గర దగ్గరగా చూడాలి. రిఫాపెంటిన్ వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రల పని తగ్గిపోతుంది, వేరే పద్ధతి పాటించాలి. అది ఒంట్లో స్టెరాయిడ్ మోతాదునూ తగ్గించేస్తుంది. కీళ్లు ఒక్కసారిగా వాస్తే కారణం అదే కావచ్చు.

మా ఫిర్యాదు ఇక్కడ ఒకటుంది. టోఫాసిటినిబ్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, బారిసిటినిబ్ రోజుకొకటి. ఈ జాక్ మందులు మాత్రల రూపంలో ఉన్నాయి, జనరిక్‌లు వచ్చి ధర బాగా తగ్గింది. అందువల్ల ‘ఇంజెక్షన్ కాదు కదా, మాత్రే కదా’ అని టీబీ పరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష లేకుండానే మొదలుపెట్టేస్తున్నారు. బయాలజికల్‌కి చేసే పరీక్షలన్నీ వీటికీ చేయాల్సిందే. అదనంగా కొలెస్ట్రాల్ చూడాలి. సర్పి రావడం వీటితో ఎక్కువ. గుండెజబ్బు, క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో వీటి మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఆ హెచ్చరికకు ఆధారమైన పరిశోధన 50 ఏళ్లు దాటి, గుండెజబ్బుకు కనీసం ఒక కారణం ఉన్నవాళ్ల మీద చేసింది. పాతికేళ్ల పొగతాగని అమ్మాయికి ఆ అంకెలు యథాతథంగా వర్తించవు. కానీ రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే కుర్రాడు తనకు వర్తించవనుకోకూడదు.

టీకాలు మందుకు ముందే. హెపటైటిస్ బి, న్యుమోనియా, ఏటా ఫ్లూ. ఇవి తర్వాతైనా వేయించుకోవచ్చు కానీ ముందైతే బాగా పనిచేస్తాయి. రిటుక్సిమాబ్ తర్వాత అయితే టీకా దాదాపు దండగే. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా టీకా), అమ్మవారు అంటే చికెన్‌పాక్స్ టీకా లాంటి బతికున్న క్రిముల టీకాలు బయాలజికల్, జాక్ మందుల మీద ఉండగా వేయకూడదు. కనీసం నాలుగు వారాల ముందే పూర్తవ్వాలి. మన పిల్లలకు ఇది ఎక్కడ అడ్డు తగులుతుందంటే, ఎంఎస్‌కి అమెరికా వెళ్లేటప్పుడు చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ రెండు మోతాదుల రుజువు అడుగుతాయి. వీసా వచ్చాక జూలైలో హడావుడిగా టీకా కేంద్రానికి వెళ్లే అమ్మాయి అప్పటికే ఇంజెక్షన్లు వాడుతుంటే చిక్కే. చదువు ప్రయాణం ఆలోచనలో ఉంటే మొదటి ఇంజెక్షన్‌కి ముందే రుమటాలజిస్టుకు చెప్పండి. వెళ్లేటప్పుడు మందు అసలు పేరు, అంటే జనరిక్ పేరు, మోతాదు, చివరి ఇంజెక్షన్ తేదీ, టీబీ పరీక్ష ఫలితం ఉన్న ఉత్తరం చేతి సంచీలో పెట్టుకోవాలి. ఇక్కడి బ్రాండు పేరు అక్కడి డాక్టరుకు తెలియదు.

ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో కాదు, తలుపు అరలో కాదు, వెనక గోడకు ఆనించి అసలే కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇంజెక్షన్ కరిగాక మామూలుగానే కనిపించొచ్చు, కానీ పారేయాల్సిందే. షాపు నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్‌ప్యాక్‌కీ పెట్టెకీ మధ్య గుడ్డ చుట్టాలి. కొన్ని బ్రాండ్ల కాగితంలో 25 డిగ్రీల లోపు 14 రోజులు బయట ఉంచవచ్చని ఉంటుంది. మే నెలలో ఖమ్మంలోనో రెంటచింతలలోనో 25 డిగ్రీల గది ఎక్కడ దొరుకుతుంది? హాస్టల్లో ఉండేవాళ్లు వార్డెన్ గారి ఫ్రిజ్‌లోనో, తెలిసిన షాపులోనో చోటు ముందే చూసుకోవాలి. వేసుకునే ముందు అరగంట బయట పెడితే మంట తగ్గుతుంది, వేడినీళ్లలో పెట్టకూడదు. తొడ ముందుభాగం, లేదా బొడ్డుకు రెండు అంగుళాల అవతల పొట్ట. ప్రతిసారీ చోటు మార్చాలి.

ఇంజెక్షన్ మొదలై చేతులు తేలికపడగానే మెథోట్రెక్సేట్ మానేసేవాళ్లు చాలామంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్‌లను ఒళ్లు పరాయి పదార్థంగా గుర్తించి వాటికి విరుగుడు తయారుచేసుకుంటుంది. మెథోట్రెక్సేట్ దాన్ని అణచి ఉంచుతుంది. అది ఆపితే కొన్ని నెలలకు ఆ ఖరీదైన ఇంజెక్షన్ నీళ్లు ఎక్కించినట్టే అవుతుంది. వానాకాలంలో జ్వరం వస్తే, యాంటీబయోటిక్ పడితే, బయాలజికల్, జాక్, మెథోట్రెక్సేట్ మూడింటినీ తగ్గేదాకా ఆపాలి. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను మాత్రం ఆపకూడదు. మూడు వారాలకు మించి వాడిన స్టెరాయిడ్‌ను ఠక్కున మానేస్తే బీపీ పడిపోయి కుప్పకూలిపోవచ్చు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ లాంటివి అసలే వద్దు. రెండు వారాలు దాటిన జ్వరం, తగ్గుతున్న బరువు ఉంటే ముందు టీబీని అనుమానించాలి.

పెళ్లి సంబంధాలప్పుడు మందు దాచడం, పెళ్లైన నెలలోనే ఎవరికీ చెప్పకుండా ఆపేయడం, ఈ రెండిటివల్లా పాడైన చేతులు ఎన్నో. ఈ మోతాదులో మెథోట్రెక్సేట్ పిల్లలు పుట్టే శక్తిని పోగొడుతుందనడానికి ఆధారం లేదు. గర్భంలోని బిడ్డకు మాత్రం అది హాని చేస్తుంది. కాబట్టి వాడినన్నాళ్లూ నమ్మకమైన గర్భనిరోధం ఉండాలి, గర్భం కోసం ప్రయత్నించడానికి మూడు నెలల ముందు ఆపాలని ఇక్కడ చెబుతాం. లెఫ్లునమైడ్ అనే ఇంకో కీళ్లవాతం మందు అంతకన్నా మొండిది. మానేశాక రెండేళ్ల దాకా ఒంట్లో ఉండొచ్చు, దాన్ని ఒంట్లోంచి బయటికి పంపే కొలెస్టిరమిన్ పొడి రోజుకు మూడుసార్లు 8 గ్రాముల చొప్పున 11 రోజులు తాగించి, రక్తంలో మోతాదు చూశాకే ముందుకు వెళ్లాలి. పిల్లల ఆలోచన దగ్గర్లో ఉన్న అమ్మాయికి మొదట్లోనే లెఫ్లునమైడ్ రాయకపోవడం తెలివైన పని. ఆపిన మందు చోట ఖాళీ ఉంచకూడదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, ఫోలిక్ యాసిడ్‌తో సల్ఫాసలజైన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసోలోన్ గర్భంలో వాడవచ్చు. అవసరమైతే అడాలిముమాబ్ లాంటి టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు కూడా. అనుకోకుండా మెథోట్రెక్సేట్ మీద ఉండగా గర్భం వస్తే వెంటనే మాత్ర ఆపి, ఫోలిక్ యాసిడ్ కొనసాగిస్తూ గైనకాలజిస్టు, రుమటాలజిస్టు ఇద్దరినీ కలవాలి. నిర్ణయం ఇంట్లో పెద్దలు చేసేది కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు మా మనవి చిన్నదే. జాతీయ జాబితాలో ఉన్న మెథోట్రెక్సేట్, సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, ఫోలిక్ యాసిడ్‌తో సహా, జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో నెల తప్పకుండా దొరకాలి. నెల తప్పితే రోగి షాపుకు వెళతాడు, షాపులో బలం మారుతుంది, పైన చెప్పిన ఆరు మాత్రల పొరపాటు మొదలవుతుంది. సీబీపీ, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ పీహెచ్‌సీలోనే చేసి, ఫలితం హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న రుమటాలజిస్టుకు ఫోన్‌లో పంపే ఏర్పాటుంటే ఆదిలాబాద్ నుంచో పాడేరు నుంచో మూడు పరీక్షల కోసం రోజు కూలీ పోగొట్టుకుని రావక్కర్లేదు.

చివరిగా కాన్పు ఆసుపత్రులకు ఒక మాట. మన దగ్గర బిడ్డ పుట్టిన వెంటనే బీసీజీ వేసేస్తారు. తల్లి గర్భం చివరి మూడు నెలల్లో ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ తీసుకుని ఉంటే ఆ మందు మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళుతుంది, నెలల తరబడి ఉంటుంది. అలాంటి బిడ్డకు బీసీజీ వేస్తే టీకా క్రిమే ఒళ్లంతా పాకి చనిపోయిన ఉదంతం వైద్య పత్రికల్లో 2010లో వచ్చింది. ఆ బిడ్డలకు బీసీజీ కనీసం ఆరు నెలలు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయితే ఏడాది, వాయిదా వేయాలి. పురిటి గదిలో ఆ సంగతి ఎవరూ అడగరు. అందుకని తల్లి తన చివరి ఇంజెక్షన్ పేరు, తేదీ, ‘బీసీజీ ఇప్పుడు వద్దు’ అన్న మాట ఎనిమిదో నెలలోనే కేసు షీటు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాయించుకుని, ఒక నకలు తనతో వచ్చే మనిషి చేతికి ఇచ్చి ఉంచాలి.

ఇట్లు,
కీళ్లవాతం క్లినిక్ ఫార్మసిస్టులు, నర్సులు
హైదరాబాద్